లాంగ్‌మన్ ఆన్‌లైన్ డిక్షనరీ: ఆ చిన్న త్రిభుజం కోసమైనా వాడాలి

ఇంగ్లిష్ కాంపౌండ్ విశేషణాల (మాటలు కలిసి ఒకే విశేషణమైనవి) ఉచ్చారణకి లాంగ్‌మన్ కాంటెంపరరీ డిక్షనరీ వెబ్‌సైట్ బాగా పనికొస్తుంది. పైసా ఖర్చు లేదు. మా ఓటు దీనికే పడటానికి కారణం ఒక్క గుర్తు: ఉచ్చారణ చివర ఎడమకి తిరిగి ఉండే బుల్లి నల్ల త్రిభుజం.

'ఓల్డ్-ఫ్యాషన్డ్' వెతకండి. 'ఓల్డ్' ముందు అడుగున ఒక గీత, 'ఫ్యా' ముందు పైన ఒక గీత కనిపిస్తాయి. పై గీత అసలు స్ట్రెస్ (పలికేటప్పుడు బరువు పడే చోటు), కింది గీత దానికంటే ఒక మెట్టు తక్కువ. డాలర్ గుర్తు తర్వాతది అమెరికన్ పలుకు. 'హిజ్ ఐడియాస్ ఆర్ ఓల్డ్-ఫ్యాషన్డ్' అన్నప్పుడు గీతలు చెప్పినట్టే 'ఫ్యా' మీద బరువు పడుతుంది. 'యాన్ ఓల్డ్-ఫ్యాషన్డ్ హ్యాట్' అంటే మాత్రం పెద్ద బరువు 'హ్యాట్' లాక్కుంటుంది. 'ఫ్యా' మెత్తబడి 'ఓల్డ్' గట్టిపడుతుంది. త్రిభుజానికి అర్థం ఇదే. 'సెకండ్-హ్యాండ్', 'బ్యాడ్-టెంపర్డ్' కూడా ఇదే బాపతు. 'టైమ్-కన్స్యూమింగ్', 'మౌత్-వాటరింగ్' అలా కాదు. నామవాచకానికి 'ఇంగ్' రూపం అతికిన ఇలాంటి మాటల్లో స్ట్రెస్ మామూలుగా మొదటి ముక్కమీదే ఉంటుంది, కదలదు.

సిలబుల్స్ (ఒక్క ఊపులో పలికే ముక్కలు) దగ్గర మనవాళ్లు జారేది 'ఈడీ' తోకతో. 'ఫ్యాషనెడ్' అని సాగదీస్తే మొత్తం నాలుగవుతాయి. ఉన్నవి మూడే: ఓల్డ్, ఫ్యా, షన్డ్. 'బ్లూ-ఐడ్' రెండే. (ఇది మన బహువ్రీహే, నీలాక్షి లాంటిది. వాళ్లు తోక తగిలిస్తారు, అంతే తేడా.) ఈ తోక విడి సిలబుల్‌గా పలికేది సాధారణంగా ట, డ ధ్వనుల తర్వాతే: 'షార్ట్-సైటిడ్', 'లెఫ్ట్-హ్యాండిడ్' మూడేసి.

లోపాలూ ఉన్నాయి. తలమాట పక్కన స్పీకర్ నొక్కితే విడి పలుకే వినిపిస్తుంది, స్ట్రెస్ చోటు మారడం చెవిన పడదు. స్పీకర్ గుర్తున్న ఉదాహరణ వాక్యం దొరికితే అది నొక్కి వినాలి. కొన్ని కాంపౌండ్లకు స్ట్రెస్ గీతలే ఇస్తారు, ఐపీఏ (ధ్వనుల్ని చూపే గుర్తుల లిపి) ఉండదు. అప్పుడు ముక్కలు విడదీసి వెతుక్కోవడమే. 'టెన్-మినిట్ వాక్' లాంటి అప్పటికప్పుడు కట్టుకునే మాటలకు ఎంట్రీ ఆశించొద్దు. వాటికి సూత్రం గుర్తుంచుకుంటే చాలు: హైఫన్ పెడితే 'మినిట్', ఎస్ రాదు. ఎస్ కావాలంటే హైఫన్ తీసేసి, ఎస్ తర్వాత అపాస్ట్రఫీ పెట్టాలి.