అఫిడవిట్‌ను లోన్ అప్లికేషన్‌లా చదివాను: మైనేతా వెబ్‌సైట్ రివ్యూ

నేను బ్యాంకులో ఇరవై ఆరేళ్లు పనిచేశాను. అందులో ఎక్కువ కాలం లోన్ల సెక్షన్‌లోనే. ఎవరైనా తమ ఆస్తుల వివరాలు తెచ్చిస్తే మొత్తం ఎంతుందో ముందుగా చూసేదాన్ని కాదు. ముందు అప్పుల గడి, తర్వాత అదే మనిషి అంతకుముందు ఇచ్చిన కాగితం. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే అడగాల్సినవి వాటంతట అవే బయటపడేవి. పోయినసారి రాసిన మూడెకరాలు ఈసారి ఏవి? అమ్మేశారా, పిల్లలకు రాశారా, ఇంకెక్కడైనా తాకట్టులో ఉన్నాయా?

2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీకీ లోక్‌సభకూ ఒకేరోజు పోలింగ్. దానికి వారం ముందు మా అబ్బాయి మైనేతా లింక్ పంపి, "అమ్మా, ఇది నీ పాత ఉద్యోగమే, చూడు" అన్నాడు. ఆ రాత్రి రెండింటి దాకా దాని ముందే కూర్చున్నాను.

దీన్ని నడిపేది అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్, ఏడీఆర్ అనే స్వచ్ఛంద సంస్థ. పోటీ చేసేవాళ్లు నామినేషన్‌తో పాటు ఫారం 26లో అఫిడవిట్ ఇవ్వాలి. తమ మీద ఉన్న కేసులు, స్థిర చరాస్తులు, అప్పులు, చదువు, రిటర్నుల్లో చూపిన ఆదాయం అన్నీ అందులో ఉంటాయి. ఆ కాగితాల స్కాన్లను ఎన్నికల సంఘం సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. కానీ పేజీలకు పేజీలు ఉంటాయి, కొన్ని చేతిరాతలో ఉంటాయి. మామూలు మనిషి రెండో పేజీకే వదిలేస్తాడు. ఏడీఆర్ వాళ్లు ఆ వివరాలను పట్టికలుగా మార్చి పెడతారు. నియోజకవర్గం నొక్కితే అభ్యర్థులందరూ ఒకే జాబితాలో వస్తారు. ఎవరి మీద ఎన్ని కేసులు, ఆస్తి ఎంత, అప్పు ఎంత, ఏం చదివారు అని వరుసగా ఉంటుంది. పేరు నొక్కితే లోపలి వివరాలు తెరుచుకుంటాయి. కేసుల దగ్గర సెక్షన్ నంబరుతో పాటు అది దేనికి సంబంధించిందో కూడా రాస్తారు. పాత ఐపీసీలో 420 అంటే మోసమని అందరికీ తెలుసు, మిగతావి ఎందరికి తెలుసు?

నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించింది వేరే ఉంది. ఇంతకుముందు కూడా పోటీ చేసిన అభ్యర్థి అయితే, అదే పేజీలో పాత ఎన్నికల్లో చూపించిన ఆస్తి, కేసుల సంఖ్య సంవత్సరాల వారీగా కనిపిస్తాయి. నేను బ్యాంకులో పాత ఫైలు కోసం స్టోర్ రూమ్‌లో దుమ్ములో వెతికేదాన్ని. ఇక్కడ ఒక్క నొక్కుతో 2014, 2019, 2024 పక్కపక్కన వచ్చేశాయి.

ఆస్తి పెరిగిందని చూసి వెంటనే తప్పు పట్టకూడదు. ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే వాట్సాప్‌లో తిరిగేవన్నీ "ఐదేళ్లలో ఇన్ని రెట్లు" అనే లెక్కలే. ఫారం 26లో కొన్న ధర, ఇప్పటి మార్కెట్ విలువ రెండూ రాయాలి. కాబట్టి భూముల జాబితా అదే ఉండి విలువ మాత్రమే పెరిగిందా, లేక కొత్త భూములు చేరాయా అని చూడాలి. మా నియోజకవర్గంలో ఒకరి ఆస్తి బాగా పెరిగినట్టు కనిపించింది. లోపలికి వెళ్తే పాత పొలాలే, ధరలు పెరిగాయంతే. ఇంకొకరి మొత్తం పెద్దగా మారలేదు కానీ, 2019లో భార్య పేరున రాసిన ఒక స్థలం 2024లో లేదు. అమ్మి ఉండొచ్చు. మరి అమ్మిన డబ్బు ఏ గడిలోనూ నాకు కనిపించలేదు. ప్రచారానికి వచ్చినవాళ్లను గుమ్మంలోనే అడిగాను. కనుక్కుని చెప్తామన్నారు, మళ్లీ రాలేదు.

ఈ కాగితాలు మన చేతికి రావడం వెనక పెద్ద పోరాటం ఉంది. 1999లో అహ్మదాబాద్ ఐఐఎం ప్రొఫెసర్లు కొందరు ఏడీఆర్ పెట్టి ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. 2002 మేలో సుప్రీంకోర్టు, అభ్యర్థి వివరాలు తెలుసుకోవడం ఓటరు హక్కని తీర్పు చెప్పింది. వెంటనే చట్టం సవరించి ఆ తీర్పును చాలావరకు పక్కన పెట్టారు. మళ్లీ కోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. ఈసారి ఏడీఆర్‌తో పాటు పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్, మన హైదరాబాద్‌లో పుట్టిన లోక్‌సత్తా కూడా పిటిషన్లు వేశాయి. 2003 మార్చిలో కోర్టు ఆ సవరణలో అడ్డుగా ఉన్న సెక్షన్‌ను కొట్టేసింది. పార్టీలకు పేరు బయటపడకుండా విరాళాలిచ్చే ఎలక్టోరల్ బాండ్ల పథకాన్ని 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు రద్దు చేసిన కేసులోనూ ఏడీఆర్ పిటిషనర్. బాండ్ కొన్నవాళ్ల పేరు బ్యాంకుకు తెలిసి ఓటరుకు తెలియకపోవడం బ్యాంకు మనిషిగా నన్ను చాలా బాధపెట్టిన విషయం. ఆ తీర్పు వచ్చిన రోజు నాకు నిజంగా కళ్లలో నీళ్లు తిరిగాయి.

దీనితో పని కానివి కూడా చెప్పాలి. ఇందులో ఉన్నది అభ్యర్థి తన గురించి ప్రమాణం చేసి రాసుకున్నది. అది నిజమా కాదా అని రిటర్నింగ్ అధికారి విచారించరు, ఈ సైట్ కూడా విచారించదు. బ్యాంకులో అయితే మేము ఆస్తి మీద తాకట్లు, లావాదేవీలు చూపే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించి, వాల్యుయర్‌ను పంపి, పొలం గట్టు దాకా వెళ్లేవాళ్లం. ఇక్కడ ఆ దశే లేదు. తప్పుడు వివరాలు ఇస్తే ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఏ కింద శిక్ష ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. కోట్ల ఆస్తి దాచాలనుకునేవాడిని ఇది ఆపుతుందని నేను అనుకోను. ఇక పేజీలు ఎక్కువగా ఇంగ్లిష్‌లో ఉంటాయి. తెలుగులో ఉంటే నా అవసరం లేకుండా మా వీధివాళ్లు వాళ్లే చదువుకునేవారు.

పోలింగ్‌కు రెండు రోజుల ముందు మా అరుగు మీద ఏడుగురం కూర్చున్నాం. నేను తెలుగులో చదివి వినిపించాను. పక్కింటి వదిన చివరిదాకా మాట్లాడలేదు. కేసులున్న ఎంపీల సంఖ్య చెప్పినప్పుడు మాత్రం మళ్లీ చదవమంది. ఏడీఆర్ లెక్క ప్రకారం 2009లో గెలిచిన ఎంపీల్లో తమ మీద క్రిమినల్ కేసులున్నాయని చెప్పుకున్నవాళ్లు 162 మంది, 2019కి 233 మంది. 2024 ఎన్నికల ఫలితాలొచ్చాక చూస్తే 543 మందిలో 251 అయింది. ఆ అంకె కూడా వదినకు వెళ్లి చెప్పాను. "వాళ్లే రాసిచ్చారు, మనమే ఓటేశాం" అంది. కేసు ఉన్నంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదని, ధర్నా చేసినందుకు పెట్టిన కేసూ హత్యాయత్నం కేసూ ఒకటి కావని వివరించాను. అందుకే మొత్తం అంకె చూసి ఆగిపోకుండా సెక్షన్లు చదవమంటున్నాను.

వాడటానికి ఖాతా తెరవక్కర్లేదు, డబ్బు కట్టక్కర్లేదు. ఫోన్‌లోనూ తెరుచుకుంటుంది. అనుమానం వచ్చిన గడి ఉంటే పట్టికతో సరిపెట్టుకోకుండా అసలు అఫిడవిట్ స్కాన్ కూడా తెరవండి.

మొన్న వదిన వచ్చి, మా ఎమ్మెల్యే మూడు ఎన్నికల్లో ఇచ్చిన వివరాలు ఒకే కాగితం మీద తెలుగులో రాసివ్వమంది, వాళ్ల డ్వాక్రా గ్రూపు మీటింగ్‌లో చదువుతుందట. నిన్న రాత్రి మొదలుపెట్టాను. అప్పుల గడి పైన రాశాను.