ముగింపు తెలిశాక మిగిలినవి: 2023 సినిమాలు, సిరీస్‌లు

2023లో తెలుగు సినిమా మన అంచనాలను చాలా చోట్ల తారుమారు చేసింది. భారీ హంగులతో వచ్చిన ‘శాకుంతలం’, ‘ఏజెంట్’ ఏప్రిల్‌లోనే చేతులెత్తేశాయి. ఆగస్టులో వచ్చిన ‘భోళా శంకర్’ కూడా నిలబడలేదు. అదే సంవత్సరం మార్చి 3న, పోస్టరు మీద పెద్ద తార ఒక్కరూ లేని ‘బలగం’ వచ్చి ఊళ్లకు ఊళ్లను ఏడిపించింది. జూన్ చివర్లో ‘సామజవరగమన’, జులైలో ‘బేబీ’ ఎవరూ ఊహించనంత దూరం వెళ్లాయి. ఈ గెలుపోటముల లెక్కలు అప్పుడే అందరూ రాశారు కనుక వాటి జోలికి పోను. ఆశ్చర్యం మొదటిసారి చూసినప్పుడే ఖర్చయిపోతుంది. ఆ తర్వాత కూడా ఆ సినిమాను మళ్లీ పెట్టుకుని చూడాలనిపిస్తే అందులో ఏదో ఉన్నట్టు. అప్పటి నుంచి వీటిని ఇంట్లో పదే పదే చూస్తూ వచ్చిన అనుభవంతో, ఏవి నిలిచాయో, ఏవి పలచబడ్డాయో ఇక్కడ రాస్తున్నాను. కొన్ని కథల గుట్టు బయటపడుతుంది కనుక ఇంకా చూడనివారు ఆ సంగతి గమనించగలరు.

మాది సిరొంచ. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో ప్రాణహిత ఒడ్డున, కాళేశ్వరానికి ఎదురుగా ఉన్న ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో రెండూ నడుస్తాయి. కొత్త తెలుగు సినిమాను థియేటర్‌లో చూడాలంటే నది దాటి మంచిర్యాలకో భూపాలపల్లికో పోవాలి కనుక, మాలో చాలామందికి సినిమా అంటే టీవీలోనో ఫోన్‌లోనో చూసేదే. ఈలలు, చప్పట్లు తోడు లేకుండా, వంటపని నడుమ, కరెంటు పోయి వచ్చే నడుమ, ముక్కలు ముక్కలుగా చూసినా మనసును పట్టి ఉంచే సినిమా గట్టి సినిమా అని నేను నమ్ముతాను.

ఆ పరీక్షలో అన్నిటికంటే ముందు నిలిచింది ‘బలగం’. అంతకుముందు టీవీ హాస్య కార్యక్రమాల్లో నవ్వించిన వేణు యెల్దండి మొదటిసారి దర్శకత్వం వహించి, చావు ఇంట్లో పదకొండు రోజులు జరిగే కథను తీస్తాడని ఎవరు అనుకున్నారు? థియేటర్లలోకి వచ్చిన మూడు వారాలకే, మార్చి 24న, అది ప్రైమ్ వీడియోలోకి వచ్చింది. అయినా తెలంగాణ పల్లెల్లో గ్రామ పంచాయతీల ముందు తెరలు కట్టి ఊరంతా కలిసి చూడటం ఆగలేదు. మా వైపు అది ఫోన్ నుంచి ఫోన్‌కు మాటగా పాకింది. మాకు అందులో కొత్తగా వివరించి చెప్పాల్సింది ఏమీ లేదు. మూడొద్దులు, ఐదొద్దులు, పదకొండొద్దులు, పిట్టకు, అంటే కాకికి, పెట్టుడు, పిట్ట ముట్టకపోతే ఇంటిల్లిపాది ముఖాలు మాడిపోవడం, చచ్చినవాడికి ఏ కోరిక మిగిలిందోనని తలా ఒక మాట అనడం, ఇవన్నీ మా ఇళ్లలో జరిగేవే. మా మాట తీరు కూడా దాదాపు అదే. మహారాష్ట్ర పాఠ్యపుస్తకాల్లో దొరకని, పట్నం తెలుగులో వినిపించని మా ఇంటి మాట, నవ్వించడానికి కాక ఏడవడానికీ పోట్లాడటానికీ తెర మీద వినపడటం మాకు చాలా పెద్ద విషయం.

మొదటిసారి చూసినప్పుడు కళ్లన్నీ ప్రియదర్శి చేసిన సాయిలు మీదే ఉంటాయి. అప్పుల్లో మునిగి, నిశ్చితార్థం మీద, కట్నం మీద ఆశ పెట్టుకున్న మనవడికి సరిగ్గా ఆ సమయంలోనే తాత కొమురయ్య చనిపోతాడు. మళ్లీ మళ్లీ చూస్తుంటే మాత్రం సాయిలు నెమ్మదిగా పక్కకు జరిగి, అతని మేనత్త లక్ష్మి ముందుకు వస్తుంది. విందులో నల్లి బొక్క వడ్డించలేదని అలిగిన భర్త పట్టుదల వల్ల ఇరవై ఏళ్లు పుట్టింటి గడప తొక్కలేకపోయిన ఆడబిడ్డ ఆమె. తండ్రి శవం ముందుకు వచ్చినప్పుడు ఆమె ఎవరిని ముందు చూస్తుందో, ఎవరి చూపు తప్పించుకుంటుందో, భర్త వైపు తిరిగినప్పుడు ఏడుపును ఎలా దిగమింగుతుందో గమనించండి. రూప లక్ష్మి ఆ పాత్రలో చేసిన పని రెండోసారి చూస్తే తప్ప పూర్తిగా అందదు. అలాగే అల్లుడు నారాయణగా చేసిన మురళీధర్ గౌడ్‌ను మొదట అందరం తిట్టుకుంటాం. తర్వాత తర్వాత ఆ అలక వెనుక ఉన్న అవమానం కూడా కనిపించడం మొదలవుతుంది. ఒక ఎముక ముక్క కోసం ఇంత రాద్ధాంతమా అని బయటివారు అనుకోవచ్చు. అల్లుడికి విందులో ఏ ముక్క పడిందన్నది మా పెళ్లిళ్లలో నేటికీ మర్యాదకు కొలమానమే.

చివరన బుడగ జంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడే పాట గురించి ఎంత రాసినా తక్కువే. అది కథను ముగించడానికి పెట్టిన పాట మాత్రమే అయితే రెండోసారికి బలం తగ్గిపోయేది. చనిపోయిన మనిషి తరఫున ఒక్కొక్క బిడ్డనూ పేరు పెట్టి పిలిచి అడిగే ఆ పద్ధతి నిజంగా జీవితంలో ఉన్నది కావడం వల్ల, ఎన్నిసార్లు విన్నా గొంతు పట్టేస్తుంది. 2024 డిసెంబరులో మొగిలయ్య కన్నుమూశారు. ఆ వార్త విన్నప్పటి నుంచి ఆ సన్నివేశం నాకు మరింత బరువుగా అనిపిస్తోంది. ఇదే సినిమాలోని ‘ఊరూ పల్లెటూరు’ పాటకు కాసర్ల శ్యామ్‌కు 71వ జాతీయ పురస్కారాల్లో ఉత్తమ గేయ రచయిత గౌరవం దక్కడం న్యాయమైన సంగతి. లోపాలు లేకపోలేదు. అప్పులవాళ్ల మీద నడిచే మొదటి అరగంట హాస్యం ఇప్పుడు చూస్తే పలచగా ఉంది, సాయిలులో మార్పు కూడా కొంత తొందరగా వచ్చేస్తుంది. అయినా నా దృష్టిలో ఆ ఏడాది సినిమా ఇదే.

సరిహద్దులో ఉండటం వల్ల నాకు కనపడిన మరో సంగతి ఉంది. అదే సంవత్సరం జూన్ 30న మరాఠీలో కేదార్ శిందే తీసిన ‘బాయిపణ్ భారీ దేవా’ వచ్చింది. ఆరుగురు అక్కచెల్లెళ్లు, అందరూ నడివయసు దాటినవారో దాటుతున్నవారో, ఒకరితో ఒకరికి సరిగా మాటలు లేవు. మంగళాగౌరి ఆటల పోటీ వారిని తిరిగి ఒక్కచోటికి చేరుస్తుంది. వందనా గుప్తే, రోహిణీ హట్టంగడి వంటి పెద్ద నటీమణులను ముందు నిలిపి తీసిన ఈ సినిమాకు ఆడవాళ్లు గుంపులు గుంపులుగా, చీరలు కట్టుకుని, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని థియేటర్లకు వెళ్లారు. మరాఠీలో అంతవరకు వచ్చిన అతి పెద్ద విజయాల్లో ఒకటిగా అది నిలిచింది. తెలుగులో కాకి ముట్టే పిండం, మరాఠీలో శ్రావణ మంగళవారపు ఆట. రెండు భాషల్లోనూ ఆ ఏడాది ఎవరూ లెక్కలోకి తీసుకోని సినిమాలే జనాన్ని కదిలించాయి, రెండింటి కథా విడిపోయిన తోబుట్టువులదే, రెండు చోట్లా వారిని కలిపింది ఇంటి ఆచారమే. ఈ పోలికను తెలుగు పత్రికల్లో గానీ మరాఠీ పత్రికల్లో గానీ నేను చూడలేదు. బహుశా రెండింటినీ ఒకే గదిలో, ఒకే కుటుంబంతో కూర్చుని చూసినవారికి మాత్రమే అది వెంటనే తడుతుందేమో. శ్రావణ మంగళవారాల నోము మా తెలుగు ఇళ్లలోనూ ఉంది కనుక మా ఇంటి ఆడవాళ్లకు ఆ సినిమాలో ఏదీ పరాయిగా అనిపించలేదు. పునర్వీక్షణలో మాత్రం ‘బలగం’ ముందు అది ఒక మెట్టు తగ్గుతుంది. ఆరుగురికీ ఆరు కష్టాలు పంచాలన్న తాపత్రయంలో కొన్ని కథలు పైపైనే తేలిపోయాయి. అక్కచెల్లెళ్లు ఒకరినొకరు దెప్పుకునే సన్నివేశాలకు మాత్రం ఇప్పటికీ పదును తగ్గలేదు.

ఇక మలుపుల మీదే బతికే సినిమాలు. ఏప్రిల్ 21న వచ్చిన ‘విరూపాక్ష’ ఆ కోవలో అందరికంటే పైన ఉంది. ప్రమాదం నుంచి కోలుకున్న సాయి ధరమ్ తేజ్‌కు అది పెద్ద విజయం ఇచ్చింది. కార్తీక్ వర్మ దండు దర్శకత్వానికి సుకుమార్ స్క్రీన్‌ప్లే తోడైంది. రుద్రవనం ఊరిని అష్టదిగ్బంధనం చేశాక ఎవరూ బయటికి పోలేని, లోపలికి రాలేని ఆ పరిస్థితి మొదటిసారి చూసినప్పుడు ఒళ్లు గగుర్పొడిచేలా చేస్తుంది. అసలు కారకులు ఎవరో తెలిశాక మళ్లీ చూసినప్పుడు రెండు సంగతులు తేలాయి. సంయుక్త ముఖంలో దర్శకుడు ముందే దాచిన జాడలు చాలా శ్రద్ధగా పెట్టినవి. వాటిని వెతికి పట్టుకోవడంలో వేరే ఆనందం ఉంది. అయితే ప్రేమకథ మొత్తం ఆ మలుపు కోసమే అల్లినదని కూడా స్పష్టంగా కనపడిపోతుంది. అజనీష్ లోకనాథ్ నేపథ్య సంగీతం లేకుండా, టీవీ శబ్దం తగ్గించి చూస్తే భయం సగానికి సగం పడిపోతుంది. 2021లో నేరుగా ఓటీటీలో వచ్చిన చిన్న సినిమాకు కొనసాగింపుగా నవంబరు 3న థియేటర్లలోకి వచ్చిన ‘మా ఊరి పొలిమేర 2’ నన్ను అప్పట్లో బాగా ఆశ్చర్యపరిచింది, సత్యం రాజేష్ నటన ఇప్పటికీ బాగుంది, కానీ మలుపు మీద మలుపు పేర్చిన కథ రెండోసారి అలసట తెప్పిస్తుంది.

మలుపుల సినిమా రెండోసారి కూడా ఎలా నిలబడాలో చూడాలంటే పరేశ్ మోకాశీ తీసిన మరాఠీ ‘వాళ్వీ’ చూడాలి. 2023 జనవరి 13న వచ్చింది. భార్యను చంపి ఆత్మహత్యగా చూపించాలనుకున్న భర్త, అతని ప్రియురాలు వేసిన పథకం మొదటి గంటలోనే అదుపు తప్పుతుంది. రెండు గంటల లోపే ముగిసే ఈ కథలో వృథాగా ఉంచిన వస్తువు ఒక్కటీ లేదు. తలుపు, సీసా, చెదలు, ఫోను, అన్నీ తర్వాత ఎక్కడో ఒకచోట పనికొస్తాయి. ముగింపు తెలిసి చూస్తే భయం పోయి నవ్వు పెరుగుతుంది. దీనికి జాతీయ స్థాయిలో ఉత్తమ మరాఠీ చిత్రంగా పురస్కారం వచ్చింది. తెలుగువారు ఎక్కువమంది చూడకపోవడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

‘సామజవరగమన’ గురించి తక్కువ చెప్పినా చాలు, ఎందుకంటే అది ఎప్పుడు పెట్టినా పని చేస్తుంది. రామ్ అబ్బరాజు దర్శకత్వంలో, డిగ్రీ పాసైతే తప్ప ఆస్తి రాని తండ్రిగా నరేశ్, ఆ తండ్రిని చదివించి పరీక్షకు పంపించే కొడుకుగా శ్రీవిష్ణు. అచ్చం పదో తరగతి పిల్లవాడిని కూర్చోబెట్టినట్టు తండ్రిని కూర్చోబెట్టి చదివించే ఆ సన్నివేశాలు మా ఇంట్లో మాటలతో సహా అందరికీ కంఠతా వచ్చాయి. ‘బేబీ’ పరిస్థితి వేరు. సాయి రాజేష్ స్క్రీన్‌ప్లేకు జాతీయ పురస్కారం వచ్చింది, వైష్ణవి చైతన్య నటన నిలిచింది, రోహిత్ పాడిన ‘ప్రేమిస్తున్నా’ నిలిచింది. రెండో సగంలో అందరూ అందరినీ నిందించుకునే ధోరణి మాత్రం మళ్లీ చూడనివ్వదు.

టీవీ విషయానికి వస్తే, ఆ ఏడాది మొదటి పెద్ద వార్త 2017 నుంచి సాగిన ‘కార్తీక దీపం’ జనవరిలో ముగియడం. ఇంత ప్రేమతో చూసిన సీరియల్‌ను ఎవరూ తిరిగి చూడరు. అది రోజూ సాయంత్రం ఉండటమే దాని విలువ. డిసెంబరులో ‘బిగ్ బాస్’ ఏడో సీజన్‌ను రైతుబిడ్డగా పేరు తెచ్చుకున్న పల్లవి ప్రశాంత్ గెలవడం పల్లెల్లో చాలామందికి సొంత గెలుపులా అనిపించింది.

సిరీస్‌లలో అందరూ ‘దూత’ గురించి మాట్లాడారు. విక్రమ్ కుమార్ దర్శకత్వం, నాగచైతన్య తొలి వెబ్ సిరీస్, ఎడతెగని వాన, చావును ముందే చెప్పే పత్రిక ముక్కలు. ఎనిమిది ఎపిసోడ్లూ మొదటిసారి ఒక్క బిగిన చూడగలిగాను. మళ్లీ చూస్తే వాతావరణం బాగుంది, లెక్క మాత్రం అక్కడక్కడ కుదరలేదు. ఏప్రిల్‌లో హాట్‌స్టార్‌లో వచ్చిన ‘సేవ్ ది టైగర్స్’ను మొదట తేలికగా తీసుకున్నవారే తర్వాత దాని కోసం ఎదురుచూశారు, పాల వ్యాపారం చేసే ప్రియదర్శి, ఇంట్లో కూర్చుని రచయిత కావాలనుకునే అభినవ్ గోమఠం ఒక్కొక్క మాటను విసిరే తీరు ఎన్నిసార్లయినా వినవచ్చు. పిల్లలతో కూర్చుని చూసేది మాత్రం కాదు. నిత్యా మేనన్ ‘కుమారి శ్రీమతి’ తాతల నాటి ఇల్లు దక్కించుకోవడానికి ఊళ్లో బార్ తెరిచే అమ్మాయి కథ. నెమ్మదిగా నడుస్తుంది, ఇంటి పెద్దవాళ్లకు నచ్చుతుంది.

నాకు అన్నిటికంటే దగ్గరైన సిరీస్ ఆగస్టులో వచ్చిన ‘దయా’. పవన్ సాదినేని దర్శకుడు. మూలం ‘తక్‌దీర్’ అనే బెంగాలీ సిరీస్. కాకినాడ తీరంలో చేపలు తరలించే ఫ్రీజర్ వ్యాన్ నడిపే మనిషికి ఒకరోజు తన బండిలో ఒక ఆడమనిషి శవం కనపడుతుంది. జె.డి. చక్రవర్తి చాలా ఏళ్ల తర్వాత ఇంత మౌనంగా, ఇంత లోతుగా నటించడం ఆ ఏడాది నాకు దొరికిన గొప్ప ఆశ్చర్యం. తలుపు తీసి శవాన్ని చూసిన క్షణంలో అతను అరవడు, పారిపోడు. ముందు అటూ ఇటూ చూసి, తలుపు వేసి, తర్వాత ఊపిరి పీలుస్తాడు. కథ చివరికి వచ్చేసరికి ఆ మనిషి గతం ఏమిటో కొంత తెలుస్తుంది కనుక, మళ్లీ మొదటి ఎపిసోడ్ పెట్టి ఆ చూపును పరిశీలిస్తే అంతకుముందు భయం అనుకున్నదానిలో అలవాటు కూడా ఉన్నట్టు తోస్తుంది. తొలి సీజన్ అసలు ముడి విప్పకుండానే ఆగిపోవడం దాని పెద్ద లోపం. ముగింపు కోరుకునేవారు ముందే తెలుసుకుని మొదలుపెట్టడం మంచిది. మంచి నటన కోసం చూసేవారు మాత్రం రెండో సీజన్ కోసం ఆగనక్కర్లేదు, ఉన్నంతవరకే చూసినా వారికి నష్టం లేదు.