ఒంటరి ఆడదా, జంటా? రెండు ఎలుక పురుగుల పోలిక

స్ట్రాంజిలాయిడిస్ రట్టీ అనే పురుగు ఎలుక పేగులో ఆడదిగానే బతుకుతుంది. మగ తోడు లేకుండానే గుడ్లు పెడుతుంది కాబట్టి, ఒక్క పిల్లపురుగు చర్మంలోంచి దూరినా సంతానం మొదలైపోతుంది. ఎలుక పెంటతో బయటపడ్డ పిల్లల్లో కొన్ని నేలమీదే ఆడా మగా అయి జతకట్టగలవు. బ్రిటన్ ఎలుకల్లో మాత్రం అది అరుదు. అక్కడ ఏళ్ల తరబడి జతకట్టకుండానే సాగుతున్న వంశాలు కనిపించాయి.

యూరప్ అడవి చిట్టెలుకల్లో ఉండే హెలిగ్మొసొమాయిడిస్ పాలిగైరస్ సంగతి వేరు. ఎర్రగా, స్ప్రింగులా మెలికలు తిరిగి పేగు గోడ మీది నూగుకు చుట్టుకుంటుంది. ఆడా మగా ఒకే పేగులో కలవాల్సిందే. ఆ కష్టానికి ఫలితం పెద్దదే: తరతరానికీ జన్యువులు కలగలుస్తాయి. ఎలుక రోగనిరోధక శక్తితో తలపడే జన్యువుల్లోనైతే ఆశ్చర్యపోయేంత తేడాలున్నాయి.

కొత్తచోట పాగా వేయడానికి మొదటి పద్ధతే మేలు. రోగనిరోధక శక్తి మారుతూ ఉండే ఎలుకతో పోరాడటానికి నేను రెండోదానివైపే మొగ్గుతాను.