ఇంటి అప్పు ముందే తీర్చడమా, ఆ డబ్బు దాచుకోవడమా: ఏది మేలు?

దసరా ముందు మిల్లు బోనస్ పడిందంటే ఒడిశాలోని మా రాయగడ కాలనీలో నాకు ఒకటే ప్రశ్న ఎదురవుతుంది. "అక్కా, చేతిలో లక్ష ఉంది. ఇంటి లోనులో వేసేయమంటావా, ఎఫ్‌డీ చేసుకోమంటావా?" కిందటేడు నలుగురు అడిగారు. మా ఆయనది పేపర్ మిల్లు ఉద్యోగమే గానీ ఇంటి లెక్కల పుస్తకం నా దగ్గర ఉంటుంది. అందుకే కాబోలు ఆయన్ని ఎవరూ అడగరు. నేను తిరిగి అడిగేది మాత్రం వాళ్ళకి అంతగా నచ్చదు: "ముందు మీ ఇంట్లో లక్ష రూపాయలు ఎన్నాళ్ళు నిలుస్తాయో చెప్పు."

మా సంగతి చెప్తాను. 2021 ఆగస్టులో 25 లక్షలు తీసుకున్నాం. 20 ఏళ్ళ గడువు, 6.9 శాతం వడ్డీ, ఈఎంఐ 19,233. రెపో రేటు, అంటే రిజర్వు బ్యాంకు మిగతా బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ, అప్పుడు 4 శాతం. ఇంత తక్కువ వడ్డీ మళ్ళీ దొరకదని అందరూ అన్నారు, నిజంగానే దొరకలేదు. 2022 మే నుంచి రిజర్వు బ్యాంకు రేటు పెంచుతూ పోయి 2023 ఫిబ్రవరికి 6.5 చేసింది. మాది రెపోకి ముడిపెట్టిన అప్పు కాబట్టి 9.4 అయ్యింది. ఆ మార్చిలో స్టేట్‌మెంట్ తీసి చూస్తే 19,233లో 19 వేలు వడ్డీకే పోయింది. అసలులో తగ్గింది రెండు వందల చిల్లర. అలాగే కడుతూ పోతే మా ఆయన రిటైరైన తర్వాత కూడా చాలా ఏళ్ళు అప్పు మిగిలే ఉంటుంది. చివరికి ఈఎంఐ 23 వేలు దాటించారు. మమ్మల్ని ముందు అడగలేదు. ఇలాంటి గొడవలు ఎక్కువయ్యాకే, 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఒక ఆదేశం ఇచ్చింది: రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా అన్నది అప్పు తీసుకున్నవాడి ఇష్టానికి వదలాలని. మాకు అది కొంచెం ఆలస్యంగా వచ్చింది.

అప్పటినుంచి ఈ లెక్కల మీద పడ్డాను.

మీ అంకెలు వేరుగా ఉంటాయి గనుక గుండ్రటి అంకెలతో లెక్క ఒకటి వేద్దాం. 25 లక్షలు, 8 శాతం, 20 ఏళ్ళు. ఈఎంఐ 20,911 వస్తుంది. మొత్తం గడువులో కట్టే వడ్డీ 25 లక్షల పైనే, అంటే ఇంకో ఇల్లు. దీని మీద నెలకు 3,000 అదనంగా కట్టామనుకోండి. 20 ఏళ్ళ అప్పు 15 ఏళ్ళలో తీరిపోతుంది, వడ్డీలో 7 లక్షల 20 వేలదాకా మిగులుతుంది. అదే 3,000 అప్పులో వేయకుండా ఆర్డీ (నెలనెలా కట్టే డిపాజిట్), ఎఫ్‌డీలలో 6.5 శాతానికి పెంచుకుంటూ పోతే 15 ఏళ్ళకు 9 లక్షల 10 వేలు చేతికొస్తాయి. కానీ ఆ రోజుకి అప్పు ఇంకా 10 లక్షల 30 వేలు ఉంటుంది. ప్రభుత్వ పొదుపు పథకం పీపీఎఫ్‌లో, ఇప్పటి 7.1 శాతమే చివరిదాకా ఉంటుందనుకున్నా, తొమ్మిదిన్నర లక్షలు దాటదు. అంటే దాచుకున్నవాడు చివర్లో మళ్ళీ ఎదురు డబ్బు వేసుకోవాలి.

ఇది అందరికీ తెలిసిన లెక్కే. అప్పు వడ్డీ 8, డిపాజిట్ వడ్డీ 6.5 అయితే ఏది మేలో చిన్నపిల్లవాడికీ తెలుస్తుంది. అయినా దాచుకోవడం వైపు మొగ్గేవాళ్ళని నేను తప్పు పట్టను. వాళ్ళ భయం వడ్డీ గురించి కాదు. అప్పులో వేసిన డబ్బు మళ్ళీ మన చేతికి రాదు. రేపు ఆపద వస్తే బ్యాంకుకి వెళ్ళి "మొన్న ఎక్కువ కట్టాను, ఓ యాభై వేలు వెనక్కి ఇవ్వండి" అంటే ఇవ్వరు. మళ్ళీ టాప్‌అప్ లోనుకి దరఖాస్తు పెట్టుకోవాలి, దానికి జీతం స్లిప్పులు, సంతకాలు.

ఈ సంగతిలో నా పుస్తకమే సాక్ష్యం. 2022లో ఒక పేజీ మీద 'లోను కోసం' అని రాసి 1,20,000 ఎఫ్‌డీ వేశాను. రెండేళ్ళలో కలిపి కట్టేద్దామని. మరుసటి జనవరిలో మా ఆడపడుచు కూతురి పెళ్ళి గుణుపూర్‌లో. 40 వేలు చేబదులు అడిగారు, ఇవ్వకుండా ఎలా ఉంటాం? తర్వాత మామగారికి గుండె నొప్పి వస్తే విశాఖ తీసుకెళ్ళి స్టెంటు వేయించాం. మిగిలిన దాంట్లో అబ్బాయికి బైకు. బైకు సంగతి వదిలేస్తే తప్పు ఖర్చు ఒక్కటీ లేదు. పెళ్ళి నిజం, ఆస్పత్రి నిజం. కానీ 'లోను కోసం' పేజీ నుంచి లోనుకి ఒక్క రూపాయి వెళ్ళలేదు. మావన్నీ అటూ ఇటూ పరుచుకున్న సంసారాలు. అత్తవారు గుణుపూర్, పుట్టిల్లు పార్వతీపురం, మేనమామలు బొబ్బిలి. ఎఫ్‌డీ ఉందని ఒకరికి తెలిస్తే నెల తిరక్కుండా నలుగురికి తెలుస్తుంది. "లోనులో కట్టేశాం వదినా" అంటే మాత్రం ఎవరూ మారు మాట్లాడరు.

అందుకని నాకు తేల్చేది రేటు కాదు. ఒకటిన్నర శాతం తేడా గురించి కొట్టుకుంటాం గానీ, దాచిన డబ్బు ఖర్చైపోతే దాని మీద వచ్చే వడ్డీ సున్నా. తిరిగి తీసుకోలేకపోవడం అప్పులో కట్టడానికి పెద్ద లోపమని అందరూ అంటారు. మా ఇంటికైతే అదే దాని గుణం.

అలాగని చేతిలో ఏమీ లేకుండా అంతా అప్పులో పోసేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. మామగారి స్టెంటు రోజున ఆ ఎఫ్‌డీ లేకపోతే నేను ఏ వడ్డీకి తెచ్చేదాన్నో? మా వీధిలో ఒకాయన రెండేళ్ళ బోనసంతా లోనులో కట్టేసి, భార్య ఆపరేషన్‌కి నూటికి మూడు రూపాయల చొప్పున వడ్డీకి తెచ్చాడు. ఏడాదికి 36 శాతం. 8 శాతం మిగిల్చి 36 శాతం కట్టాడు. కాబట్టి ముందు ఆరు నెలల ఈఎంఐకి సరిపడా సొమ్ము పక్కన ఉండాలి, మా లెక్కకి లక్షా నలభై వేలు. అది నా, అత్తగారి జాయింటు పేరున ఎఫ్‌డీ వేశాం. దాన్ని కదపాలంటే అత్తగారిని ఒప్పించాలి, అది ఆర్బీఐ ఆదేశం కన్నా గట్టిది. ఆ సొమ్ము నిండాకే, జీతం పడ్డ మర్నాడు 3,000 తనంతట తాను లోను ఖాతాకి వెళ్ళేలా పెట్టాను. నా చేతిమీదుగా వెళ్ళేలా పెడితే నేనే ఆపేస్తానని నాకు తెలుసు.

మా చెల్లెలు దీనికి పూర్తిగా ఎదురు. పర్లాకిమిడిలో ఉంటుంది. మా మరిది ఒక్క పైసా అదనంగా కట్టడు. ఉన్నదంతా పీపీఎఫ్‌లో, పాప పేరున సుకన్యలో, అదే ఆడపిల్లల కోసం ఉన్న ప్రభుత్వ పొదుపు పథకంలో. సుకన్యకి ఇప్పుడు 8.2 శాతం, పన్ను లేదు. ఆ వరకు ఆయన లెక్క సరైనదే. ఇంటి అప్పు వడ్డీ 8 దగ్గర ఉన్నప్పుడు సుకన్య ఆపి లోను కట్టమని నేను కూడా చెప్పను. పైగా ఆ డబ్బు పాపకి పద్దెనిమిది నిండేదాకా సులువుగా బయటికి రాదు, అంటే నేను చెప్పే గుణం దానికీ ఉంది. కానీ మా మరిది పెట్టిన డబ్బు ముట్టుకోని మనిషి. పెళ్ళిళ్ళకి కవరులో 501 పెట్టి, భోజనం చేసి వచ్చేస్తాడు. అలాంటి ఇంట్లో ఏ పద్ధతైనా నడుస్తుంది.

ఈ మధ్య బ్యాంకువాళ్ళు ఓవర్‌డ్రాఫ్ట్ తరహా ఇంటి లోను గురించి చెప్తున్నారు. మిగులు డబ్బు ఆ ఖాతాలో ఉంచితే దాని మేరకు వడ్డీ పడదు, కావాలంటే వెనక్కి తీసుకోవచ్చు. వడ్డీ సాధారణంగా కాస్త ఎక్కువ. వ్యాపారం చేసేవాళ్ళకి, చేతిలో డబ్బు ఆడుతూ ఉండేవాళ్ళకి ఇది నిజంగా మంచిది. జీతం ఇళ్ళకి మాత్రం, ముఖ్యంగా నాలాంటివాళ్ళకి, తీసుకోగలిగిన డబ్బు ఎప్పుడో ఒకప్పుడు బైకు అవుతుంది.

చీటీపాట గురించి అడుగుతారు. తెలిసినవాళ్ళ మధ్య నడిచే చీటీ వేరు, ఒడిశాలో జనం 'చిట్‌ఫండ్' అని తిట్టుకునే, డబ్బు వసూలు చేసి పారిపోయిన కంపెనీలు వేరు. అయినా ఇంటి అప్పు తీర్చడానికి దాచే డబ్బుని రిజిస్టర్ కాని చీటీలో పెట్టను. బంగారం సంగతి ఇక్కడ వద్దు, అది కొనేది పెళ్ళికి, లోను కట్టడానికి కాదు.

పన్ను మాట కూడా పాతబడిపోయింది. ఇంతకుముందు 'వడ్డీకి 2 లక్షలదాకా మినహాయింపు పోతుంది, ముందే కట్టొద్దు' అనేవారు. పాత పన్ను విధానంలో ఉండి, 20 శాతం శ్లాబులో ఉన్నవాళ్ళకి అది ఇప్పటికీ నిజమే, వాళ్ళ 8 శాతం అప్పు పన్ను పోగా ఆరున్నరలోపు పడుతుంది. అలాంటివాళ్ళు తొందరపడక్కర్లేదు. కొత్త విధానంలో సొంతంగా ఉండే ఇంటికి ఆ మినహాయింపు లేదు. 2025-26 నుంచి 12 లక్షల 75 వేలదాకా జీతం ఉన్నవాళ్ళకి పన్నే లేదు. మా కాలనీలో ఎక్కువమంది ఆ లోపువాళ్ళే.

ఇక కట్టాలనుకున్నవాళ్ళు తప్పకుండా చూసుకోవాల్సింది ఒకటుంది. 'ఈఎంఐ తగ్గించమంటారా, గడువు తగ్గించమంటారా' అని బ్యాంకులో అడిగితే ఈఎంఐ తగ్గించమని చెప్పకండి. పైన చెప్పిన అప్పులోనే మొదట్లో లక్ష కట్టి గడువు తగ్గించుకుంటే 22 ఈఎంఐలు ఎగిరిపోతాయి, వడ్డీలో మూడున్నర లక్షల పైన మిగులుతుంది. ఈఎంఐ తగ్గించుకుంటే నెలకు 836 తగ్గి, మొత్తం మీద మిగిలేది లక్ష. అదే లక్ష పదిహేనో ఏడు దాటాక కడితే 7 ఈఎంఐలే పోతాయి. ఇరవై ఏళ్ళ అప్పుకి మొదటి ఐదారేళ్ళలో కట్టే రూపాయికి ఉన్న విలువ తర్వాత ఉండదు. చివరి రెండు మూడేళ్ళలో ఉన్నవాళ్ళు హాయిగా ఎఫ్‌డీ చేసుకోవచ్చు.

2025లో రెపో నాలుగు సార్లు తగ్గి డిసెంబరుకి 5.25 అయ్యింది. మాది 8.15కి దిగింది. ఈఎంఐ తగ్గిస్తామని ఫోన్ చేశారు, నెలకు పదిహేను వందల పైనే తగ్గేది. వద్దు, పాత ఈఎంఐ అలాగే ఉంచి గడువు తగ్గించండి అన్నాను. అలవాటైన ఖర్చే కాబట్టి జేబుకి నొప్పి తెలియదు. అదనంగా కట్టడం భారం అనుకునేవాళ్ళు కనీసం ఇదైనా చేయండి.

ఫ్లోటింగ్ రేటు (మాదానిలా వడ్డీ మారుతూ ఉండే) ఇంటి అప్పు ముందే కట్టినందుకు బ్యాంకులు జరిమానా తీసుకోకూడదని 2012 నుంచే నిబంధన ఉంది. ఫిక్స్‌డ్ రేటువాళ్ళు మాత్రం కాగితాలు చదువుకోవాలి. జరిమానా లేదు గానీ అజాగ్రత్తలు ఉంటాయి. మేము మొదటిసారి 50 వేలు పంపితే దాన్ని అడ్వాన్స్ ఈఎంఐ కింద పక్కన పెట్టారు. రెండు నెలల తర్వాత స్టేట్‌మెంట్ చూస్తే అసలు సొమ్ములో ఏమీ తగ్గలేదు. మేనేజరు 'సిస్టమ్ అలా తీసుకుంది' అన్నాడు. అప్పటినుంచి డబ్బు పంపిన ప్రతిసారీ ఒక కాగితం రాసి ఇస్తాను: ఈ మొత్తం అసలులో జమ చేయండి, ఈఎంఐ మార్చకండి, గడువు తగ్గించండి. నకలు మీద ముద్ర వేయించుకుంటాను. నెలనెలా వెళ్ళే 3,000కి మొదట్లో ఒకసారి రాసిస్తే చాలు, కానీ మూడు నెలలకోసారి స్టేట్‌మెంట్ తీస్తాను.

పూర్తిగా తీరాక 30 రోజుల్లో అసలు దస్తావేజులు తిరిగి ఇవ్వాలి. వాళ్ళ తప్పుతో ఆలస్యమైతే రోజుకి 5,000 చొప్పున పరిహారం ఇవ్వాలి. ఇది 2023 డిసెంబరు నుంచి అమలులో ఉంది. మా కాగితాల్లో ఘరబారి (ఇంటి స్థలం) పట్టా ఒడియాలో ఉంది, దానికి లింకు పత్రం మాత్రం తెలుగులో. రాయగడ మద్రాసు ప్రెసిడెన్సీలో, అప్పటి విశాఖపట్నం జిల్లాలో ఉన్న రోజుల నాటిది, అంటే 1936కి ముందుది. లోను ఇచ్చేటప్పుడు బ్యాంకు లాయరుకి అది చదవడం రాక, మామగారే దగ్గర కూర్చుని వరసగా చదివి వినిపించారు. దాన్ని మళ్ళీ బీరువాలో పెట్టేది తనేనంటారు. ఆయనకిప్పుడు డెబ్బై నాలుగు. ఇప్పటి లెక్కన ఇంకో పన్నెండేళ్ళు పడుతుంది. ఈ దసరా బోనసు కూడా లోనులోకే.