ఓపెన్ ఎమ్మారై: భయపడేవాళ్లకి మంచి దారే, కానీ అయస్కాంతం బలం ఎన్ని టెస్లాలో అడిగి వెళ్లండి

లిఫ్టులో తలుపు మూసుకుంటేనే ఊపిరాడనట్టు అయ్యేవాళ్లు మీ ఇంట్లో ఉండి, డాక్టరు ఎమ్మారై రాశారని టెన్షన్ పడుతుంటే, ఓపెన్ మెషీన్ ఉన్న ఎముకల క్లినిక్ ఎక్కడుందో కనుక్కోండి. హైదరాబాద్‌లో మేం వెళ్లిన చోట అమ్మ భుజం స్కాన్ ఏ గొడవా లేకుండా అయిపోయింది. అంతకుముందు వేరే డయాగ్నస్టిక్ సెంటర్‌లో, మామూలు మెషీన్‌లోకి బల్ల సగం వెళ్లేసరికే అమ్మ కేకలు పెట్టింది, "కాసేపు కళ్లు మూసుకుంటే అయిపోయేది కదమ్మా" అని అక్కడివాళ్లు విసుక్కున్నారు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. ఆ భయం ఎవరూ కావాలని తెచ్చుకునేది కాదు. ఆ గొట్టం వెడల్పు సాధారణంగా 60 సెంటీమీటర్లు, కొత్తవాటిలో 70, అంతే. మోకాలికైతే కాళ్లవైపు నుంచి పంపిస్తారు కాబట్టి తల చాలావరకు బయటే ఉంటుంది. భుజానికీ మెడకీ మాత్రం తల లోపలికి వెళ్లాల్సిందే.

ఓపెన్ అన్నారు కదా అని పైన ఏమీ ఉండదనుకోకండి. కింద ఒకటి, పైన ఒకటి పెద్ద పళ్లేల్లాంటి అయస్కాంతాలు, మధ్యలో మనిషి, పైది ముఖానికి దగ్గరగానే ఉంటుంది. ఇది ముందే చెప్పి తీసుకెళ్లడం మంచిది. పక్కలు మాత్రం తెరిచి ఉంటాయి. అమ్మ తలని మొదటే నావైపు తిప్పి పడుకోబెట్టారు, నేను పక్కన కుర్చీలో కూర్చుని స్కాన్ అయ్యేదాకా చెయ్యి పట్టుకునే ఉన్నాను. టక్‌టక్ చప్పుడు ఉంది కానీ, మామూలు మెషీన్ మోతతో పోలిస్తే చాలా తక్కువ.

అక్కడి టెక్నీషియన్ని మెచ్చుకోవాలి. పేస్‌మేకర్ ఉందా, తలలో క్లిప్పులు పెట్టారా, చెవి మెషీన్ ఉందా అని అమ్మనే కాదు, లోపలికొచ్చే నన్నూ అడిగాడు. అమ్మ గాజులూ నల్లపూసలూ తీసిచ్చేసి ఇక అయిపోయిందనుకుంది. "జాకెట్‌కి పిన్నీసులేమైనా ఉన్నాయేమో చూసుకోండమ్మా" అంటే లోపలివైపు రెండు దొరికాయి, జడలోంచి ఇంకో స్లైడు. స్కాన్ నడవకపోయినా ఆ అయస్కాంతం లాగుతూనే ఉంటుందట, అందుకే గది గుమ్మం దగ్గరే అంత పట్టుదల.

ఇక నచ్చనిది. రిసెప్షన్‌లో "క్లారిటీ రెండింటికీ ఒకటేనండీ" అన్నారు. ఒకటి కాదు. వాళ్ల మెషీన్ 0.3 టెస్లా, బయట మామూలుగా ఉండేవి 1.5 లేదా 3. అయస్కాంతం బలం తక్కువైతే సిగ్నల్ కూడా తక్కువ వస్తుంది, అందుకే స్కాన్ ఎక్కువసేపు పడుతుంది, అంతసేపూ కదలకుండా ఉండాలి, కదిలితే బొమ్మ చెడిపోతుంది. నొప్పి ఉన్న భుజంతో అలా పడుకోవడం అమ్మకి బాగా కష్టమైంది, మోచేతి కింద మెత్త పెట్టాక కాస్త కుదురుకుంది.

మా డాక్టరుకి అనుమానం రొటేటర్ కఫ్, అంటే భుజం కీలుని చుట్టూ పట్టి ఉంచే కండరాల పట్టీ, చిరిగిందని. పెద్ద చిరుగైతే ఇందులో తెలిసిపోతుందని ఆయనే చెప్పి పంపారు, తెలిసింది కూడా. అదే కీలు అంచున ఉండే లేబ్రమ్‌లో చిన్న చీలికో, మృదులాస్థి కొద్దిగా అరగడమో చూడాలంటే ఇది సరిపోకపోవచ్చు, అప్పుడు వెడల్పు గొట్టం ఉన్న 1.5 మెషీనే నయం, అవసరమైతే డాక్టరు భయం తగ్గడానికి మందు ఇస్తారు. కాబట్టి డబ్బు కట్టకముందే, రాసిచ్చిన డాక్టరునే "మీరు వెతికేది ఓపెన్‌లో కనిపిస్తుందా" అని అడగండి.

రేటు ముందు చెప్పిందే బిల్లులో వచ్చింది. రిపోర్టు మాత్రం సాయంత్రానికి ఇస్తామని మర్నాటిదాకా తిప్పారు. సీడీ అడిగితేనే ఇస్తున్నారు, మర్చిపోకుండా తీసుకోండి. క్లినిక్ వాళ్లకి నా మనవి ఒకటే: మెషీన్ ఎన్ని టెస్లాలో, ఏయే స్కాన్‌లకి పనికిరాదో కౌంటర్ దగ్గర తెలుగులో ఒక బోర్డు మీద రాసి పెట్టండి.