మోస్ట్ వాంటెడ్‌లో పైసలకు చీట్ ఇంజన్ సరే, బండ్లకు కాదు

2005 నాటి కార్ రేసుల ఆట నీడ్ ఫర్ స్పీడ్ మోస్ట్ వాంటెడ్‌కు పెద్ద కంప్యూటర్ అక్కర్లేదు. నల్లగొండలో అయినా పాలమూరులో అయినా ఇంట్లో మూలకు పడ్డ పాత డబ్బా చాలు. కష్టమంతా బ్లాక్‌లిస్ట్‌లోని, అంటే ఆటలో మన ప్రత్యర్థుల జాబితాలోని 15 మందిని ఒక్కొక్కరినే ఓడించడంలో ఉంది. అంత ఓపిక లేనోళ్లు ముందుగా పట్టుకునేది చీట్ ఇంజన్, అంటే నడుస్తున్న ఆట మెమరీలోని అంకెలను వెతికి మార్చే సాఫ్ట్‌వేర్. పైసల పనికి దీనికి ఐదులో నాలుగు మార్కులు, తాళం పడ్డ బండ్లు తెరిచే అన్‌లాక్ పనికి ఒకటే.

పైసలు పెంచే పద్ధతి ఇది. ఆట నడుస్తుండగా ఆల్ట్ ట్యాబ్ కొట్టి బయటికి రండి. చీట్ ఇంజన్‌లో ఎడమవైపు పైనున్న కంప్యూటర్ బొమ్మ నొక్కి, ఆట ఫైల్ అయిన స్పీడ్ డాట్ ఈఎక్స్‌ఈని ఎంచుకోండి. వాల్యూ టైప్ 4 బైట్స్‌లోనే ఉంచండి. కెరీర్‌లో కనిపించే మొత్తాన్ని కామాలు లేకుండా రాసి ఫస్ట్ స్కాన్ కొట్టండి. బోలెడు అడ్రస్‌లు (ఆ అంకె ఉన్న మెమరీ చోట్లు) వస్తాయి, గాబరా వద్దు. ఆటలోకి పోయి ఏదైనా చిన్న పార్టు కొని, మిగిలిన మొత్తంతో నెక్స్ట్ స్కాన్ చేస్తే లిస్టు బాగా తగ్గుతుంది. ఇంకా ఎక్కువగా ఉంటే మరోసారి కొనండి. మిగిలినదాని మీద డబుల్ క్లిక్ చేసి, కింద విలువ మార్చండి. 5 లక్షలు చాలు. ఆశపడి 214 కోట్లు దాటిస్తే 4 బైట్లలో పట్టక లెక్క మైనస్‌లోకి పోతుంది. అంకె మారకపోతే ఖంగారు పడకండి, షాపులోంచి బయటికొచ్చి మళ్లీ పోతే కనిపిస్తుంది. ఆట మూసి తెరిచాక అడ్రస్ మారొచ్చు, అప్పుడు మళ్లీ మొదటి నుంచి వెతకాల్సిందే.

ఇక్కడి వరకే దీని గొప్ప. చేతిలో కోటి ఉన్నా తాళం పడ్డ బండి, పార్టు అమ్మరు. అవి తెరుచుకునేది పైసలతో కాదు, బ్లాక్‌లిస్ట్‌లో గెలుపుతో. సేవ్ ఫైల్‌ను నేరుగా హెక్స్ ఎడిటర్‌తో (ఫైల్‌లోని బైట్లను మార్చే సాఫ్ట్‌వేర్) తవ్వితే, ఫైల్ మారిందా అని చూసే లెక్క చెక్‌సమ్ తప్పి, ప్రొఫైల్ పాడైందని ఆట మొండికేస్తుంది.

అన్‌లాక్ కోసమైతే ఎక్స్‌ట్రా ఆప్షన్స్ అనే మోడ్ (ఆటకు బయటివాళ్లు చేసిన మార్పుల ప్యాకేజీ) మేలు. ఆట ఫోల్డర్‌లోని స్క్రిప్ట్స్ ఫోల్డర్‌లో పెట్టాలి, తోడుగా మోడ్‌ను ఆటలోకి ఎక్కించే ఏఎస్‌ఐ లోడర్ ఉండాలి. సెట్టింగుల ఐఎన్‌ఐ ఫైల్‌లో ప్రతి ఆప్షన్ పక్కనే అదేం చేస్తుందో రాసి ఉంటుంది. ఆట 1.3 వెర్షన్ కాకపోతే ఇది పనిచేయదు. ఎక్కువమంది తిట్టుకునేది ఇక్కడే.

ఫోర్డ్ జీటీ క్యాస్ట్రాల్ బండి ఒక్కటే కావాలంటే ఇవేవీ వద్దు. మొదటి క్లిక్ టు కంటిన్యూ తెర మీద క్యాస్ట్రాల్ అని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొడితే సరి.

చీట్ ఇంజన్ ఇన్‌స్టాలర్ మధ్యలో వేరే సాఫ్ట్‌వేర్ అంటగట్టబోతే డిక్లైన్ నొక్కండి. యాంటీవైరస్ దాన్ని హ్యాక్‌టూల్ అని పట్టుకోవడం మామూలే. ఏ ప్రయోగానికైనా ముందు మై డాక్యుమెంట్స్‌లోని ఎన్‌ఎఫ్‌ఎస్ మోస్ట్ వాంటెడ్ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసుకోండి. యూపీఎస్ లేని ఇంట్లో సేవ్ అవుతుండగా కరెంటు పోతే, చీట్ లేకున్నా ప్రొఫైల్ పోతుంది.