ఐపీఎల్‌ను ఇంట్లో చూడాలంటే: డిష్ కనెక్షనా, యాపా?

ముందు ఆలస్యం సంగతి. యాప్ వీడియోను ముక్కలుగా దించుకుని, కొంత ముందే నింపుకుని చూపిస్తుంది. అందుకే డిష్ కంటే చాలా సెకన్లు వెనకబడుతుంది. మన తెరపై బౌలర్ ఇంకా రనప్‌లో ఉండగానే పక్కింట్లో "సిక్స్!" అని కేకలు. ఆఖరి ఓవర్లో టెన్షనంతా నీరుగారిపోతుంది.

ఖర్చు: డిష్‌కు నెలవారీ ప్యాక్ చాలు. యాప్‌కు చందాతో పాటు డేటా కూడా. పెద్ద టీవీకైతే మంచి వైఫై కావాలి.

వాన: జోరుగా కురిస్తే డిష్ సిగ్నల్ పోతుంది. యాప్‌కు ఆ బాధ లేదు.

తెలుగు కామెంటరీ: రెండింటిలోనూ ఉంది.

ఇంటిల్లిపాదీ హాల్లో కూర్చుని చూస్తే డిష్‌కే నా ఓటు. తరచూ అద్దె ఇళ్లు మారేవాళ్లకు యాప్ మేలు. ఐపీఎల్ అక్కర్లేదు, భారత్ వన్డేలు, టీ20లు చాలంటే ముఖ్యమైన మ్యాచ్‌ల ప్రసారాన్ని దూరదర్శన్‌తో పంచుకోవాలనే 2007 చట్టం పుణ్యమా అని నెలచందా లేని డీడీ ఫ్రీ డిష్‌లో చాలావరకు వస్తాయి.